యంత్రవిద్యా తపస్వి – జి.డి. నాయుడు

పాఠ్యభాగ ఉద్దేశం

పరిశీలన, ఓర్పు, చేతిపనిపట్ల గౌరవం ఉన్నవాడు పాఠశాల వెలుపల కూడా విద్యావంతుడు కాగలడని తెలియజేయడం, అటువంటి విద్యకు లోకంలో ఎదురయ్యే అడ్డంకులను విద్యార్థుల ఆలోచనకు తేవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గురుముఖతః నేర్చిన విద్యకు మన సంప్రదాయంలో ఎనలేని గౌరవం ఉంది. అయినా మహాభారతంలో ఏకలవ్యుని కథ విన్నవారెవ్వరూ అతణ్ణి విద్యాహీనుడని అనరు. ద్రోణాచార్యుడు శిష్యునిగా స్వీకరించకపోతే, మట్టితో ఆచార్యుని ప్రతిమను చేసుకొని, దాని ముందు నిలిచి, తన తప్పులను తానే దిద్దుకొంటూ అతడు విలువిద్యలో ఆరితేరాడు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో, విల్లుకు బదులు ఒక మోటారుసైకిలును ముందుంచుకొని అదే తీరున సాధన చేసిన తెలుగువాడు ఒకడున్నాడు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అని పిలిచింది. ఎడిసన్ మహాశయునితో పోల్చి ఆదరించింది.

విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను అనేక తెలుగు కుటుంబాలు దక్షిణదిశగా తరలివెళ్ళి తమిళదేశంలో స్థిరపడ్డాయి. కోయంబత్తూరు పరిసరాల్లోని నల్లరేగడి నేలలను సాగుచేసి ప్రత్తి పండించిన రైతులలో అటువంటివారు ఎందరో ఉన్నారు. ఆ కుటుంబాలలో ఒకదానిలో, కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ అనే పల్లెలో, 1893 మార్చి 23న దొరస్వామి జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. పసితనంలోనే తల్లి కన్నుమూసింది.

బడి ఆ బాలునికి రుచించలేదు. వల్లెవేయడం, బెత్తానికి వెరవడం అతనికి చేతకాలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి బడికి దూరమయ్యాడని ఆయన చరిత్రకారులు చెబుతారు. ప్రాథమిక తరగతులతోనే ఆయన చదువు ముగిసింది. పొలంపనులలో తండ్రికి తోడుగా ఉంటూ పెరిగిన ఆ పల్లెటూరి యువకుడు మునుముందు ఒక ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కాగలడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఒకనాడు ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి మోటారుసైకిలు ఎక్కి ఆ ప్రాంతానికి వచ్చాడు. అది ఇంగ్లండులోని రడ్జ్ కంపెనీ 1912లో తయారుచేసిన బండి. ఎద్దుబండి, గుఱ్ఱపుబండి తప్ప వేరు వాహనం ఎరుగని పల్లెలో, లాగే జంతువు లేకుండా తనంత తాను పరుగెత్తే ఆ బండి ఒక వింత. చూసినవారందరూ ఆశ్చర్యపోయి ఊరుకొన్నారు. దొరస్వామి మాత్రం ఊరుకోలేకపోయారు. ఆ బండి ఎలా కదులుతున్నదన్న ప్రశ్న ఆయనను వెన్నాడింది. దాన్ని ఎక్కి తిరగాలన్న కోరిక కంటె దాని లోపల ఏముందో చూడాలన్న కోరిక బలవత్తరమైంది.

పరుల సొత్తును విప్పి చూడడానికి వీలులేదు. విప్పాలంటే అది తనదై ఉండాలి. అందుకు డబ్బు కావాలి. దొరస్వామి ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. దొరికిన చిన్నచిన్న పనులన్నీ చేశారు. మూడేళ్ళపాటు పైసాపైసా కూడబెట్టి, ఆ అధికారి వద్దనే ఆ మోటారుసైకిలును కొన్నారు. కొన్న తరువాత దానిమీద ఊరేగలేదు. దాన్ని విప్పారు. మళ్ళీ బిగించారు. మళ్ళీ విప్పారు. ఆయన యంత్రవిద్యకు అక్షరాభ్యాసం అదే.

ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. యంత్రాన్ని విప్పడం కష్టమైన పని కాదు. చేతిలో పానా ఉన్న ప్రతివాడూ విప్పగలడు. విప్పినదాన్ని తిరిగి యథాస్థానంలో కూర్చి, అది మునుపటివలె నడిచేలా చేయడమే విద్య. ఒక వాషరు మిగిలిపోయినా, ఒక మర వదులుగా ఉన్నా, ఒక గొట్టం తలక్రిందులైనా యంత్రం మొండికేస్తుంది. పొరపాటు జరిగితే పరీక్షలో మార్కులు తగ్గవు, బండి కదలదు. యంత్రం వంటి నిష్పక్షపాతియైన పరీక్షాధికారి మరొకరు లేరు.

ఆ కాలపు రడ్జ్ బండిలో ఉన్నది ఒకే సిలిండరు గల పెట్రోలు ఇంజిన్. దాని పనిని నాలుగు ఘట్టాలుగా గుర్తించవచ్చు. మొదటిది చూషణం: పిస్టన్ క్రిందికి దిగుతూ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని సిలిండరులోకి పీల్చుకొంటుంది. రెండవది సంపీడనం: వాల్వులు మూసుకొనగా పిస్టన్ పైకి వచ్చి ఆ మిశ్రమాన్ని గట్టిగా అదిమివేస్తుంది. మూడవది వ్యాకోచం: స్పార్క్ ప్లగ్గు కొసన పుట్టిన నిప్పురవ్వతో మిశ్రమం మండి, వేడికి ఉబ్బిన వాయువులు పిస్టన్‌ను బలంగా క్రిందికి నెట్టుతాయి. బండిని నడిపించే బలం ఈ ఒక్క ఘట్టంలోనే పుడుతుంది. నాలుగవది నిష్కాసనం: పిస్టన్ తిరిగి పైకి వస్తూ కాలిన వాయువులను బయటికి తోసివేస్తుంది. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి ఇంజిన్‌లోని ప్రధానమైన ఇరుసు రెండుమార్లు తిరుగుతుంది.

పెట్రోలును గాలితో తగుపాళ్ళలో కలిపేది కార్బురేటరు. నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును ఆ బండిలో మాగ్నెటో అనే సాధనం పుట్టించేది. ఇంజిన్ బలాన్ని వెనుకచక్రానికి చేర్చేది ఒక బెల్టు. బొమ్మలో చూసినప్పుడు ఇవన్నీ విడివిడి పేర్లుగానే తోస్తాయి. చేత్తో విప్పినవానికి అవి ఒకదానికొకటి కట్టుబడిన అవయవాలుగా కనిపిస్తాయి. వాల్వు సరిగా మూసుకోకపోతే సంపీడనం చాలదు. సంపీడనం చాలకపోతే నిప్పురవ్వ ఎంత చక్కగా ఉన్నా బలం పుట్టదు. కార్యకారణ సంబంధాన్ని గూర్చి తర్కశాస్త్రం పుటలకొద్దీ చెప్పే సంగతిని ఇంజిన్ ఇలా చేతికి అందిస్తుంది.

దొరస్వామి కోయంబత్తూరులో మెకానిక్‌గా జీవనం మొదలుపెట్టారు. తరువాత ప్రత్తి వ్యాపారంలో దిగి లాభం గడించారు. ఆ ఉత్సాహంతో బొంబాయి ప్రత్తి బజారుకు వెళ్ళి, గడించినది పోగొట్టుకొని తిరిగివచ్చారు. సొమ్ము పోయింది కాని నేర్చిన విద్య పోలేదు. 1920లో ఆయన ఒక బస్సును సంపాదించి పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపసాగారు. ఆ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థగా పెరిగింది. దేశంలో సమర్థంగా నడిచిన బస్సు సంస్థలలో అది ఒకటని పేరు తెచ్చుకొంది.

సొంతంగా రిపేరు చేయగల యజమానికీ, చేయలేని యజమానికీ భేదం బస్సు నడిరోడ్డున ఆగినప్పుడు తెలుస్తుంది. అటువంటి వేళ అనుభవం లేనివాడు కంగారుపడి చేతికందిన మరనల్లా విప్పుతాడు. అనుభవజ్ఞుడు ముందు ప్రశ్నలు వేసుకొంటాడు. ఇంధనం అందుతున్నదా? గాలి సరిగా ఆడుతున్నదా? నిప్పురవ్వ వస్తున్నదా? సంపీడనం తగినంత ఉన్నదా? ఈ నాలుగింటిలో ఏది లోపించినా పెట్రోలు ఇంజిన్ నడవదు. తేలికగా చూడగలిగినదాన్ని ముందు, కష్టమైనదాన్ని చివర చూస్తాడు. వైద్యుడు నాడి చూడకుండా కత్తి పట్టనట్లే, మంచి మెకానిక్ కారణం తెలియకుండా పానా పట్టడు.

ఈ పద్ధతి ఏ ప్రాంతంలోని ఏ ఇంజిన్‌కైనా వర్తిస్తుంది. కృష్ణాడెల్టాలో మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి రేవునుండి సముద్రంమీదికి వెళ్ళే మరపడవలను చూడవచ్చు. వాటిలోనివి డీజిల్ ఇంజిన్లు. వాటికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని బాగా అదిమినప్పుడు పుట్టే వేడికే, లోపలికి చిమ్మిన డీజిల్ అంటుకొంటుంది. కనుక అక్కడ నిప్పురవ్వను గూర్చిన ప్రశ్న తొలగిపోయి, ఇంధనం, గాలి, సంపీడనం అనే మూడు ప్రశ్నలు మిగులుతాయి. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే మెకానిక్‌కు కబురంపే వీలులేదు. యంత్రం గుట్టు కొంతైనా తెలిసినవాడు పడవలో ఉండడం అక్కడ ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ఇంట్లో కారు ఉన్నవారు కూడ ఈ విద్యలో మొదటి మెట్లు ఎక్కవచ్చు. ఇంజిన్ ఆయిల్ మట్టాన్ని కొలకడ్డీతో చూడడం, ఎయిర్ ఫిల్టరులోని దుమ్మును దులపడం లేదా దాన్ని మార్చడం, బ్యాటరీ కొసలకు పట్టిన చిలుమును తుడవడం ఆరంభకులకు తగిన పనులు. బందరు, దివిసీమ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి లోహాలు త్వరగా చిలుము పడతాయి కాబట్టి చివరి పనికి అక్కడ మరింత ప్రాధాన్యం ఉంది. ఏ భాగాన్ని విప్పినా, విప్పిన వరుసలోనే శుభ్రమైన గుడ్డమీద పేర్చి ఉంచితే, బిగించేటప్పుడు ఆ వరుసను వెనుకనుండి అనుసరిస్తే సరిపోతుంది.

అయితే ధైర్యం వేరు, దుడుకుతనం వేరు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖంమీదికి చిమ్ముతుంది. పెట్రోలు వాసన ఉన్నచోట అగ్గిపుల్ల గీయరాదు. మూసి ఉన్న గదిలో ఇంజిన్‌ను నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడు వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది. కేవలం జాకీమీద నిలిపిన కారు క్రిందికి ఎన్నడూ దూరరాదు. బ్యాటరీని విడదీసేటప్పుడు రుణ ధ్రువపు తీగను ముందు తీసి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. బ్రేకుల వంటి ప్రాణాధారమైన భాగాలను తెలిసినవారికి వదలడమే వివేకం. తన జ్ఞానం ఎక్కడితో ఆగుతుందో ఎరగడం కూడ యంత్రవిద్యలో భాగమే.

నాయుడుగారి దృష్టి బస్సులతో ఆగలేదు. విప్పి చూసినవాడు కొంతకాలానికి కొత్తవి కూర్చడానికి పూనుకొంటాడు. 1937లో కోయంబత్తూరు సమీపంలోని పీలమేడులో ఉన్న ఆయన కర్మాగారంనుండి మనదేశపు తొలి విద్యుత్ మోటారు వెలువడింది. ఆ కృషిలో ఆయనకు తోడ్పడిన డి. బాలసుందరం నాయుడు అనంతరకాలంలో టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. మోటార్లకు, పంపుసెట్లకు కోయంబత్తూరు నేడు దేశమంతటా పేరుపొందింది. ఆ పేరుకు పడిన పునాదులలో పీలమేడు మోటారు ఒకటి.

రసాంత్ అనే పేరుతో ప్రసిద్ధమైన విద్యుత్ క్షురకయంత్రం, పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో నడిచే పంకా, మోసానికి లొంగని ఓట్ల నమోదు యంత్రం వంటి అనేక సాధనాలను ఆయన రూపొందించారు. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించారు. ఛాయాగ్రహణం మీద కూడ ఆయనకు మక్కువ ఎక్కువ. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చిత్రీకరించారు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపై ఆయన చేసిన ప్రయోగాలను చూడడానికి సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహనీయులు ఆయన క్షేత్రానికి వచ్చారు.

బడి మానిన ఈ బాలుడు బడిని కాదనలేదు. బడి మరొక విధంగా ఉండాలని కోరాడు. 1944లో ఆయన తన మోటారు వ్యాపారాల నిర్వహణనుండి తప్పుకొన్నారు. మరుసటి సంవత్సరం ఆయన విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ ఇంజనీరింగు కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. దాని తొలి ప్రిన్సిపాలు నాయుడుగారే. నాలుగేళ్ళ చదువు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తుందని, చేతులతో నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవిని వదులుకొన్నారు.

ఈ వివాదం ఒక వ్యక్తి పంతం మాత్రమే కాదు. చదువులో చేతిపనికి చోటెంత అన్న ప్రశ్న అంతకుముందే తెలుగునాట తలెత్తింది. జాతీయోద్యమ స్ఫూర్తితో 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతుల కృషితో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల, పుస్తకవిద్యతోపాటు వృత్తివిద్యలకు కూడ స్థానం కల్పించింది. గుమాస్తాలను మాత్రమే తయారుచేసే చదువు దేశానికి చాలదని ఆ పెద్దలు భావించారు. వారు జాతీయభావంతో చేరిన చోటికి నాయుడుగారు ఇంజిన్ ద్వారా చేరుకొన్నారు.

ఆయన వాదాన్ని పూర్తిగా అంగీకరించనక్కరలేదు. విప్పి చూడడంవల్ల యంత్రం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అలాగే ఎందుకు నడుస్తుందో, ఇంకా మేలుగా ఎలా నడపవచ్చునో తెలియడానికి గణితం, ఉష్ణశాస్త్రం, లోహశాస్త్రం కావాలి. వాటికి సమయం పడుతుంది. కాని పానా పట్టకుండానే యంత్రశాస్త్రంలో పట్టా పొందే వీలున్న చదువును ప్రశ్నించడంలో ఆయన పొరబడలేదు. శాస్త్రం కన్ను అయితే అభ్యాసం చేయి. ఒకటి లేనివాడు తడుముకొంటాడు, రెండవది లేనివాడు చూస్తూ ఊరుకొంటాడు.

1952లో ఆయన ఇద్దరు కూర్చొనదగిన పెట్రోలు కారును రూపొందించారు. దాని వెల రెండువేల రూపాయలు. మధ్యతరగతి కుటుంబం కారును గూర్చి కలలోనైనా తలచని కాలం అది. ఆ కారు వీధులకెక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ పని అంతటితో ఆగిపోయింది. మోటారుసైకిలు విప్పడానికి ఆయనకు ఎవరి అనుమతీ అవసరం కాలేదు. దేశానికి కారు ఇవ్వడానికి మాత్రం అనుమతి కావలసివచ్చింది, అది లభించలేదు. వ్యక్తి ప్రతిభ ఎంతటిదైనా, దాన్ని గుర్తించి చేయూతనిచ్చే వ్యవస్థ లేకపోతే సమాజానికి దక్కవలసిన ఫలం దక్కదని ఈ సంఘటన తెలుపుతుంది.

1974 జనవరి 4న జి.డి. నాయుడు పరమపదించారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాల ఆయన యంత్రాలను తరువాతి తరాలకు చూపుతున్నది. 2025లో ఆ నగరపు అవినాశి రోడ్డుపై పది కిలోమీటర్ల పొడవున నిర్మించిన పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. వాహనాల లోగుట్టును తనంత తాను నేర్చినవానికి, నిత్యం వేలాది వాహనాలు సాగే మార్గంమీద స్మారకం వెలయడం సముచితంగా ఉంది.

నాయుడుగారి కాలపు ఇంజిన్‌కూ నేటి ఇంజిన్‌కూ చాలా భేదం ఉంది. ఇప్పటి కొత్త కార్లలో కార్బురేటరు లేదు. ఇంధనాన్ని కొలిచి చిమ్మే పనిని ఎలక్ట్రానిక్ సాధనాలు నిర్వహిస్తున్నాయి. లోపమెక్కడో కనిపెట్టడానికి మెకానిక్ పానాతోపాటు స్కానరును కూడ పట్టవలసివస్తున్నది. అయినా ఇంధనం, గాలి, నిప్పురవ్వ, సంపీడనం అన్న మూలసూత్రం మారలేదు. చూడాలన్న తపన, ఆగి ఆలోచించే ఓర్పు, విప్పినదాన్ని తిరిగి బిగించి తీరాలన్న బాధ్యత కూడ పాతబడలేదు. కొన్న వస్తువు చెడితే పారవేయడం అలవాటవుతున్న ఈ కాలంలో, ఒక మోటారుసైకిలును అనుభవించడానికి కాక అర్థం చేసుకోవడానికి కొన్న ఆ యువకుని జీవితం విద్యార్థులకు మార్గదర్శకం.

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. జి.డి. నాయుడు యంత్రవిద్యను ఏ విధంగా అభ్యసించారో వివరించండి.
2. సాంకేతిక విద్యను గూర్చి నాయుడుగారి అభిప్రాయాన్ని తెలిపి, దానిలోని గుణదోషాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. పెట్రోలు ఇంజిన్ పనిలోని నాలుగు ఘట్టాలను తెలపండి.
2. ఇంజిన్ ఆగినప్పుడు అనుభవజ్ఞుడు వేసుకొనే ప్రశ్నలేవి? డీజిల్ ఇంజిన్ విషయంలో వాటిలో ఏది తొలగిపోతుంది? ఎందుకు?
3. ఇంటివద్ద కారును బాగుచేసుకొనే ఆరంభకులు పాటించవలసిన జాగ్రత్తలేవి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నాయుడుగారు తొలి బస్సును ఏ పట్టణాల మధ్య నడిపారు?
2. మనదేశపు తొలి విద్యుత్ మోటారు ఏ సంవత్సరంలో వెలువడింది?
3. ఆంధ్ర జాతీయ కళాశాల ఎక్కడ వెలసింది?